ఇనుప గుర్రానికి ముడుపు

మా అత్తమ్మ పోశవ్వ ఒక బొమ్మల గుర్రం కోసం చాయ మానేసింది. కోరుట్లలో మా వాడకట్టు మొత్తానికి తెలిసిన సంగతే కాబట్టి దాచి లాభం లేదు. వినేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. మొదట నేనూ నవ్వినదాన్నే. ఇంట్లో నాలుగు గంటల చాయకు కళ తప్పితే ఎట్లా ఉంటుందో చూశాక నా నవ్వు తగ్గింది.

అత్తమ్మది పెగడపల్లి. సెంటు భూమి లేని ఇల్లు. చిన్నప్పుడే ఆ ఊరి దొర దగ్గర బర్రెలు కాసేందుకు జీతానికి కుదిర్చారు. బడి మొహం చూడలేదు గాని, ఏ బర్రె ఏ పొద్దుకు ఏం తలచుకుంటుందో చెప్పగలదు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొట్టం పక్కన గడ్డివాము అంటుకుంది. పెద్దవాళ్లంతా బిందెలు, బకెట్లు అంటూ ఉరుకుతుంటే, ఈమె కొడవలి పట్టుకుని కొట్టంలోకి పోయి పసులను కట్టేసిన పలుపులన్నీ కోసేసింది. బర్రెలు, ఎడ్లు పక్కన జొన్నచేలో పడి ఎవరి పంటో తిన్నంత తిన్నాయి. సాయంత్రం దొర ముందుగా అడిగింది కొత్త పలుపుల సంగతే. "పలుపులు పోయినయ్ దొరా, పసులు మిగిలినయ్" అన్నదట ఈ చిన్నపిల్ల. దెబ్బలు పడ్డాయో లేదో ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. కథ అక్కడికే ఆపి, పైగా ఒక మాట అంటుంది. "కట్టేసినోడే అచ్చి ఇప్పాలె. ఇప్పేతందుకు రానోడు కట్టెయ్యొద్దు."

పెళ్లయి కోరుట్లకు వచ్చాక బీడీలు నేర్చుకుంది. మామ గంగయ్య దుబాయి పోయి, వచ్చి, మళ్లీ పోయి, చివరికి ఇంటికొచ్చి మనవరాలిని ఎత్తుకున్నాకే కన్నుమూశాడు. ఆయన లేని ఏళ్లన్నీ చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి పిల్లలను పెంచింది. కష్టపడ్డావా అత్తమ్మా అని అడిగితే, కూసుండి చేసే పనే కదా అంటుంది. ఆమెతో ఇదే చిక్కు. జాలిపడదామంటే సందు ఇవ్వదు.

నాది చందుర్తి. మా అమ్మవాళ్లు ఏసుప్రభువును నమ్మినవాళ్లు, నేనూ అంతే. అత్తమ్మకు కొండగట్టు అంజన్న. మా ఇంట్లో గోడకు అంజన్న పటం, దాని పక్కనే నా సిలువ క్యాలెండర్. ఇన్నేళ్లలో ఆ రెండింటికీ తగవు రాలేదు, మా ఇద్దరికీ వచ్చింది గాని. అది కూడా ఎక్కువగా కూరలో ఉప్పు గురించే.

మా ఆయన అరుణ్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. ఆయన కొన్న టీవీలో మా పాప శ్రావణి మూడేళ్ల కింద ఒక బొమ్మల సీరియల్ పెట్టింది. పేరు 'ధూళి గ్రహం'. ఎక్కడో ఆకాశంలో ఎర్రమన్ను లోకం. అక్కడ మనుషులు పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని, నడుముకు తుపాకులు కట్టుకుని, గుర్రాల మీద ఆవులను తోలుకుపోతుంటారు. ఆ గుర్రాలు ఇనుపవి. ఒక్కోసారి ఓడల్లో ఎక్కి పక్క చందమామలకు కూడా పోతారు. ఆదివారం పగటిపూట ఒక ముక్క చొప్పున తెలుగులో వచ్చేది. పాప నెల రోజుల్లోనే దాన్ని వదిలేసి వేరే బొమ్మల వెంట పడింది. అత్తమ్మ మాత్రం వదల్లేదు.

"గీ ఊరు అచ్చం మన పెగడపల్లి లెక్కనే ఉన్నదే స్రవంతీ" అనేది. "నీళ్లు లేవు. ఉన్న నీళ్లన్ని గా తెల్లమీసాలోని శేతుల్నే. పసుల కొట్టం గూడ గట్లనే ఉన్నది."

కాకపోతే చేతులు బీడీల మీద, కళ్లు ఆకు మీద ఉంటాయి. కాబట్టి ఆమె సగం చూసేది, సగం వినేది. మిగతాది నేను చెప్పాలి. ఎవరు ఎవరిని కాల్చారు, ఎవరు మొహం మాడ్చుకున్నారు, అన్నీ. రోజూ నాలుగింటికి పక్కింటి శోభ, ఇంకో నలుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. అత్తమ్మ అల్లం దంచి చాయ పెట్టేది. ఆ చాయ తాగుతూ నేను ఆదివారం ముక్కను వారం పొడుగునా సాగదీసి చెప్పేదాన్ని. శోభకు కథలో హీరో, టోపీ పిల్లగాడి పెళ్లి కావాలి. మిగతావాళ్లకు తెల్లమీసాలోడు చావాలి. అత్తమ్మకు ఆ పిల్లగాడి గుర్రం కావాలి.

ఆ గుర్రానికి తోక లేదు. మొదటి ఏడాదిలోనే తూటా తగిలి ఊడిపోయింది. టోపీ పిల్లగాడిని ఎన్నిసార్లు కాపాడిందో లెక్క లేదు. అట్లాంటి గుర్రాన్ని పోయిన దసరా ముందర, ఓడలో ఒక్కరికే చోటుందని, ఎవరూ లేని ఒక చిన్న చందమామ మీద గుంజకు కట్టేసి, "నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు" అని చెప్పి వెళ్లిపోయాడు పిల్లగాడు. అత్తమ్మ చేతిలో బీడీ చుట్టకుండానే ఆగిపోయింది.

"కట్టేసి పోయిండా?"

"కట్టేసి పోయిండు."

"ఇప్పేటోళ్లు ఎవ్వలున్నరు ఆడ?"

"ఎవ్వలు లేరు అత్తమ్మా."

ఆ ఆదివారం అరుణ్ ఇంట్లోనే ఉన్నాడు. "అమ్మా, అది ఇనుప గుర్రం. దానికి మేత గావాల్నా, నీళ్లు గావాల్నా?" అన్నాడు.

"ఆకలి లేకపోతె ఎదురుసూపు ఉండదారా?" అన్నది.

మంగళవారం తలస్నానం చేసి, తెల్లగుడ్డను పసుపులో ముంచి, అందులో ఒక రూపాయి బిళ్ల, పిడికెడు బియ్యం పెట్టి ముడుపు కట్టింది. అంజన్న పటం ముందర పెట్టి గట్టిగానే మొక్కింది. గుర్రం ఇల్లు చేరితే కొండకొచ్చి ముడుపు చెల్లిస్తానని, అప్పటిదాకా చాయ ముట్టనని. నేను వంటింట్లో ఉండి విన్నాను. పిల్లల జ్వరాలకు, కొడుకు కొలువుకు మొక్కడం చూశాను గాని, బొమ్మకు మొక్కడం అప్పుడే చూశాను.

మరి చాయ అంటే ఆమెకు మామూలు చాయ కాదు. పొద్దున లేవగానే ఒకటి, నాలుగింటికి ఒకటి, మధ్యలో ఎవరొచ్చినా వాళ్ల పేరు చెప్పి ఇంకొకటి. మానేసిన మొదటి వారం తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. అయినా నాలుగింటికి అందరికీ తానే పెట్టేది. పొంగు వచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకునేది. ఆమె తాగకుండా పక్కన కూర్చుంటే మాకు గొంతు దిగుతుందా? శోభ ఇంట్లో తాగివచ్చాననడం మొదలుపెట్టింది. ఇంకొకామెకు కడుపులో మంట వచ్చింది. మెల్లగా అరుగు మీద చాటలు తగ్గాయి. కథ చెప్పడానికి నేను, వినడానికి అత్తమ్మ, ఇద్దరమే మిగిలిన రోజులున్నాయి. అప్పుడు నాకు ఆ టోపీ పిల్లగాడి మీద పట్టరాని కోపం వచ్చేది.

నేను డిగ్రీ చదివినదాన్ని. కాబట్టి తెలివైన ఆలోచన ఒకటి చేశాను. మామ దుబాయిలో ఉంటే ఈమె ఇక్కడ ఎదురుచూసింది కదా, ఆ బాధే గుర్రంలో కనిపించి ఉంటుందని. ఒకరోజు ఆకు కత్తిరిస్తూ మెల్లగా అడిగాను. అత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి పడీపడీ నవ్వింది.

"మీ మామ జెప్పిన దినానికి అచ్చిండు, జెప్పిన సామాన్లు దెచ్చిండు. నన్నెవ్వలు కట్టేసిండ్రే? నాకు శేతులున్నయ్, నోరున్నది. నేను జెప్పేది గుర్రం ముచ్చట!"

ఆ తర్వాత నేను నా తెలివిని కొంచెం తగ్గించుకున్నాను.

ఆఖరి ముక్క వచ్చే ఆదివారం మా ఇంట్లో పండుగలాగే ఉంది. అరుణ్ శనివారమే సిరిసిల్ల నుంచి వచ్చాడు. మా చిన్నమామ సామేలు, అంటే అత్తమ్మ మరిది, చర్చి కాగానే బైబిలు చంకలో పెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. శోభ, మిగతావాళ్లు చాటలతో దిగారు. నేను పాలు ఎక్కువ తెప్పించాను. అత్తమ్మ ఆ రోజు చాట ముట్టలేదు. అల్లం దంచి, గిన్నె పొయ్యి మీద పెట్టి, వెలిగించకుండా వచ్చి టీవీ ముందర కూర్చుంది.

ఇక ఆ ఆఖరి ముక్క. దాన్ని రాసినవాడెవడో నాకు తెలియదు. దొరికితే మా అరుగు మీద కూర్చోబెట్టి, ఒళ్లో చాట పెట్టి, సాయంత్రం దాకా ఆకు కత్తిరింపిస్తాను. మూడేళ్లు నీళ్లు దోచుకున్న తెల్లమీసాలోడు రెండు నిమిషాల్లో కన్నీళ్లు పెట్టుకుని తప్పయిందన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. భూమిలోంచి నీళ్లు వాటంతటవే చిమ్మాయి. పెళ్లయింది, పాట వచ్చింది. ఆ పాట సగం ముక్కను తినేసింది. ఊరు ఊరంతా ఓడెక్కి ఏదో నీలం చుక్కకు బయల్దేరింది. టోపీ పిల్లగాడు కిటికీలోంచి బయటకు చూశాడు. ఇప్పుడు చందమామ కనిపిస్తుంది, ఇప్పుడు ఓడ ఆగుతుంది అనుకుని మేమంతా ముందుకు వంగాం. వాడు నవ్వి, పెళ్లాం భుజం మీద చెయ్యి వేశాడు. పేర్లు పడ్డాయి.

"అంతేనా?" అన్నది శోభ. పెళ్లి కావాలని మూడేళ్లు చూసిన శోభ!

"నీళ్లు దోసుకున్నోడు తప్పయిందంటే అయిపాయెనా?" అన్నాడు సామేలు చిన్నమామ. క్షమించాలని గంట కిందటే చర్చిలో విని వచ్చిన మనిషి.

అత్తమ్మ మాత్రం పేర్లన్నీ అయిపోయేదాకా చూసింది. తర్వాత ప్రకటన వచ్చింది. అప్పుడు లేచి, వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించి అందరికీ చాయ పోసి ఇచ్చింది. తను తాగలేదు. ఇక తాగే దారే లేదని అందరికీ ఒకేసారి అర్థమైంది. గుర్రం వస్తే ముడుపు చెల్లుతుంది. చచ్చిపోయిందని చూపించినా ఒక లెక్క. దాన్ని అసలు తలుచుకోనే లేదు. కథ అయిపోయింది, ముడుపు పటం ముందర అట్లాగే ఉంది.

రెండు రోజులకు సామేలు చిన్నమామ ఆటో ఆపి, నవ్వుకుంటూ వచ్చాడు. "వదినె, నేను ఫోన్ల జూసిన. గా సీరియలుకు ఇంకో ముక్క ఉన్నది. గుర్రం అచ్చేసింది. ఇగ నువ్వు చాయ తాగు."

అత్తమ్మ చాట కింద పెట్టింది. "నిజంగనా సామేలూ?"

"ఒట్టు వదినె."

"టోపీ పిలగాన్ని జూసి ఏం జేసింది?"

"ఏం జేస్తది? ఉరికచ్చి తోక ఊపింది. మస్తు ఊపింది."

"తోక ఉంటె గదరా ఊపేతందుకు" అన్నది అత్తమ్మ. శోభ నవ్వలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నమామ తల గోక్కుని, వదినె మేలు కోరే చేశానని గొణిగి ఆటో ఎక్కాడు. అత్తమ్మకు కోపం రాలేదు. మరిది తన కోసం ఒట్టు కూడా వేశాడని ఆ రోజంతా మురిసింది.

మర్నాడు పగలు నేను ఫోన్ తీసి నిజంగానే వెతికాను. ఇంకో ముక్క లేదు, రాదు, అయిపోయిందని తీసినవాళ్లే చెప్పారు. దాని కింద ఎన్ని దేశాలవాళ్లో తిట్టిపోశారు. నేను ఒక్కొక్కటే అర్థం చేసుకుని అత్తమ్మకు చదివి వినిపించాను. పెళ్లి బాగాలేదని ఒకడు, తెల్లమీసాలోడిని ఊరికే వదిలేశారని ఒకడు, మా మూడేళ్లు మాకు ఇచ్చేయండని ఒకామె. అత్తమ్మ మొహం కొంచెం విప్పారింది.

"అందరికి గిట్లనే అయ్యిందా పాపం" అన్నది. తర్వాత అడిగింది, "గుర్రం ముచ్చట ఎవ్వలన్న ఎత్తిండ్రా?"

నేను కిందికి, ఇంకా కిందికి వెతికాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా వెతికాను. ఒక్కరూ ఎత్తలేదు.

"అయితె దానికి నేనొక్కదాన్నే ఉన్న" అన్నది అత్తమ్మ. ఏడుపు గొంతుతో కాదు. బజారుకు పోవాల్సింది తానే అని తెలిసినప్పుడు ఎట్లా అంటుందో, అట్లా. "మంగళారం కొండకు పోదాం."

"గుర్రం రాలే గదా అత్తమ్మా. ముడుపెట్ల చెల్లిస్తవ్?"

"నువ్వు గూడ రావాలె. లోపటికి."

నేను ఎప్పుడూ లోపలికి పోను. అత్తమ్మ దర్శనానికి పోతే నేను బయట చెప్పులు, సంచి పట్టుకుని కూర్చుంటాను. ఆమె ఎప్పుడూ రమ్మనలేదు, నేను అడగలేదు. ఈసారి ఎందుకని అడిగితే, "ఆఖరి ముక్క కండ్లార జూసి అర్థం జేసుకున్నది నువ్వు. నాకు టీవీవోళ్ల మాట సగం తెలువది. దేవుని ముంగట అడ్డదిడ్డం జెప్పొద్దు. నువ్వు సాక్ష్యం" అన్నది. చందుర్తిలో మా అమ్మ వింటే ఏమంటుందో అని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత చాయ పొంగుతుంటే అత్తమ్మ మొహం తిప్పుకోవడం గుర్తొచ్చి, వస్తానన్నాను.

జగిత్యాలలో బస్సు మారి, కొండ కింద ఆటో ఎక్కి పోయేసరికి మంగళవారం జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నారు. వరుసలో మా వెనక పసిపిల్లను ఎత్తుకున్న జంట, ముందర మాలలు వేసుకున్నవాళ్లు. నెట్టుడే నెట్టుడు. అత్తమ్మ ముడుపును రెండు చేతులతో పట్టుకుని, మోచేతులతో దారి చేసుకుంటూ పోయింది. స్వామి ఎదురుగా నిలబడగానే నన్ను ముందుకు లాగింది.

"జెప్పు."

పూజారి చూస్తున్నాడు. వెనక జనం నడవమంటున్నారు. నేను ఆంజనేయస్వామి ముందర నిలబడి, నాకు వచ్చిన మర్యాదతో, గొంతు తగ్గించి చెప్పాను. "పెండ్లి జేసిండ్రు స్వామీ. ఓడెక్కి పోయిండ్రు. గుర్రం కోసం ఓడ ఆపలేదు. దాని పేరు గూడ తియ్యలేదు. నేను మొత్తం జూసిన."

"ఇన్నవా?" అన్నది అత్తమ్మ స్వామితో. "నీ తప్పేం లేదు. నిన్ను అననే అన. కత రాసినోనికి యాది లేదు. అది ఇంటికి రావాలెనని మొక్కిన గద, అది నాదే తప్పు. ఇల్లేడున్నది దానికి? అందరు పోయిండ్రు. ఇంటికి తేకు. ఉత్తగ పోయి పలుపు ఇప్పి రా. అంత సముద్రం దుంకినోనివి, చిన్న చందమామ నీకెంత దూరం?"

ముడుపు పూజారి చేతిలో పెట్టింది. ఆయన ఏమనుకున్నాడో గాని, దాన్ని తీసుకుని స్వామి పాదాల దగ్గర పెట్టి, ఇద్దరికీ సింధూరం ఇచ్చాడు. నేను చెయ్యి చాపి తీసుకున్నాను.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక అడిగాను. పని కాకముందే ముడుపు చెల్లించడం ఎక్కడైనా ఉందా అని.

"ఎందుకు లేదు? పని ఒప్పజెప్పిన. జేసెటోడు నమ్మకమైనోడు. ఇగ ఇప్పుడు నేను చాయ తాగకుంటె, ఆయన మీద నమ్మకం లేనట్టు గాదా?" అన్నది. ఆమె మొహంలో అనుమానం మచ్చుకైనా లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ టోపీ పిల్లగాడిని కనిపెట్టి, మూడేళ్లు తిప్పి, గుర్రాన్ని మరచిపోయినవాళ్లు కోట్లు పెట్టి చేయలేని పని, ఈమె నెట్టుళ్ల మధ్య అర నిమిషంలో చేసి వచ్చింది. ఆమె కోడలినైనందుకు నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట ఆమెతో అంటే నవ్వుతుందని అనలేదు.

కొండ కింద హోటలు ముందర బెంచీ మీద కూర్చుని రెండు చాయలు చెప్పాను. అత్తమ్మ గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని, కాసేపు ఆవిరి పీల్చి, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. మొహం ముడుచుకుంది. పాలన్నీ నీళ్లే, నీళ్లన్నీ చక్కెరే, అల్లం జాడే లేదు.

"దసరా ముంగటి సంది సూసుకుంట కూసుంటె గిదా?" అన్నది. "ఆఖరి ముక్క లెక్కనే ఉన్నది."

నేను బెంచీ మీద ఒరిగిపోయి నవ్వాను. హోటలాయన మా వైపు అనుమానంగా చూశాడు. అత్తమ్మ కూడా నవ్వింది, సింధూరం పెట్టుకున్న నుదురు దాకా నవ్వింది. తర్వాత ఆ చాయను వదలకుండా అడుగు దాకా తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"లే, బస్సు అందుకోవాలె. నాలుగింటికి శోభోల్లస్తరు" అన్నది. "ఇంటికి పోయి నేనే పెడ్త."